ఎండను నిలువచేసికొను విధము

మిద్దెమీద సూర్యఫలకము నమర్చి, పగటి యెండవలన కలిగిన విద్యుత్తును బ్యాటరీయందు నిలువచేసికొని, రాత్రివేళ దీపములు వెలిగించుకొను కుటుంబములు నేడు మన పల్లెలలోను పట్టణములలోను కలవు. ఫలకమును కొనునప్పుడు పదిమందిని విచారింతురు గాని, బ్యాటరీని మాత్రము మెట్లక్రింద నొక మూల నుంచి మఱచిపోవుదురు. రెండేండ్లకే అది చెడిపోయినచో సరకు మంచిది కాదని నిందింతురు. తఱచుగా లోపము సరకునందు కాదు, సంరక్షణమునందే యుండును. అది వేలకొలది రూపాయల వెలగల వస్తువు, ఆమ్లముతో నిండినది, పిల్లలు తిరుగాడు ఇంటిలో నుండునది. కావున దాని మర్మమును ఇల్లాలు తెలిసికొనియుండుట యవసరమని మా యభిప్రాయము.

సీసపు రేకులను గంధకికామ్లమున ముంచి విద్యుత్తును నిలువచేయు పద్ధతిని 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నేటి 12 వోల్టుల బ్యాటరీలో రెండేసి వోల్టుల గదులు ఆఱు కలవు. 12 వోల్టులదని యమ్మబడు ఫలకము మంచి యెండలో 17, 18 వోల్టుల నిచ్చును. దానిని నేరుగా తగిలించినచో బ్యాటరీ మితిమీఱి నిండి, లోని నీరు వాయువులుగా విడిపోయి, రేకులు పాడగును. అందుచేత రెంటినడుమ చార్జి కంట్రోలరు ఉండవలెను. పాలు పొంగువేళ మంట తగ్గించు గృహిణివలె అది బ్యాటరీని 14.4 వోల్టుల ప్రాంతమువఱకు నింపి, పిమ్మట 13.6 ప్రాంతమున నిలుపును. రాత్రివేళ విద్యుత్తు ఫలకమునకు వెనుదిరిగి పోకుండ ఆపును.

కంట్రోలరులు రెండు విధములు. పి.డబ్ల్యు.ఎం. అనునది చౌక, కాని అది ఫలకమును బ్యాటరీ వోల్టులకు దింపి పనిచేయించుటచే 100 వాట్ల ఫలకమునుండి సుమారు 70 వాట్లే చేరును. ఎం.పి.పి.టి. అనునది హెచ్చు వోల్టులను ఆంపియర్లుగా మార్చి ఆ నష్టమును చాలవఱకు తప్పించును, వెల యెక్కువ. చిన్న ఫలకము, రెండు మూడు దీపములు గల యింటికి మొదటిది చాలును. ఇంటికప్పులపై వేయు పెద్ద ఫలకములు 30 వోల్టులకు మించి యిచ్చును గాన వానిని 12 వోల్టుల బ్యాటరీకి కలుపుటకు రెండవదే తగును. పరిమాణమును లెక్కించుట సులభము. ఫలకపు వాట్లను బ్యాటరీ వోల్టులచే భాగించి, వచ్చినదానికి నాలుగవ వంతు చేర్చవలెను. 200 వాట్లను 12చే భాగింపగా సుమారు 17. నాలుగవ వంతు చేర్పగా 21. కావున 30 ఆంపియర్లది కొనదగును. అమర్చునప్పుడు ముందు బ్యాటరీని, పిదప ఫలకమును కలుపవలెను. విప్పునప్పుడు ముందుగా ఫలకమునే విప్పవలెను.

ఇక సంరక్షణము. నీరు పోయు రకము బ్యాటరీని నెలకొకసారి చూడవలెను. నీటిమట్టము తగ్గినచో, బ్యాటరీ నిండిన పిమ్మట, గుర్తువఱకు డిస్టిల్డు నీరు మాత్రమే పోయవలెను. కుళాయినీరు, బావినీరు పనికిరావు. వానిలోని లవణములు రేకులను చెఱచును. ఆమ్లమును ఎన్నడును పోయరాదు. మూసివేసిన రకమును తెఱవనే కూడదు. కొనలయందు తెల్లని పొడి పేరినచో తీగలు విప్పించి, వంటసోడా కలిపిన నీట తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన పిదప వాసెలీను పూయవలెను. ఆ సోడానీరు గదులలో పడరాదు. బ్యాటరీని సగమునకు మించి వాడక తిరిగి నింపుచుండినచో ఎక్కువకాలము మన్నును; ఖాళీగా వదలివేసినచో రేకులపై గట్టిపొర యేర్పడి శక్తి నశించును. రెంటచింతల వంటి యెండలుగల చోట్ల నీడపట్టున నుంచుట మఱింత ముఖ్యము. వేడి దాని యాయువును హరించును.

నిండునప్పుడు బ్యాటరీనుండి జలజనకవాయువు వెలువడును. అది నిప్పురవ్వ తగిలిన ప్రేలును. గాలి యాడని గదియందును, పొయ్యికిని దీపారాధనకును దగ్గఱగాను దాని నుంచరాదు. ఆమ్లము చర్మముపై గాని కంటిలో గాని పడినచో వెంటనే ధారగా పదునైదు నిమిషములకు తక్కువగాక నీటితో కడిగి, కంటివిషయమున వైద్యునికడకు తప్పక పోవలెను. పాత బ్యాటరీని ఇంట పగులగొట్టనీయరాదు. సీసము పిల్లల బుద్ధివికాసమునకు మిక్కిలి హానికరము. మనదేశమున 2022 నాటి నిబంధనలనుబట్టి పాత బ్యాటరీలు తిరిగి సేకరింపబడవలసినవి గాన దానిని అమ్మకపువారికే యిచ్చివేయుట మేలు.

అమెరికాలో చక్రములమీది యింట ప్రయాణము చేయు మన తెలుగు కుటుంబములకును ఈ సూత్రములే వర్తించును. అందు తఱచుగా వాడు లిథియము బ్యాటరీకి నీరక్కఱలేదు; కాని కంట్రోలరు దానికి తగినదై యుండవలెను. నీరు గడ్డకట్టు చలిలో దానిని నింపరాదు.

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత యుండనే యున్నది. నెలకు పావుగంట కాలము వెచ్చించినచో చాలును. ఆ దీపము పెక్కేండ్లు వెలుగును.