విమానాశ్రయ విరామాలు: వృద్ధ ప్రయాణికులకు వాతరక్షణ

ఏటా వేసవి ప్రవేశించగానే నా వైద్యశాలకు ఒక ప్రత్యేక వర్గం వస్తూ ఉంటుంది. వారు రోగులు కారు. అమెరికాలోని కుమారుని చూడడానికో, కుమార్తె పురిటికో బయలుదేరుతున్న అరవై, డెబ్బై ఏండ్ల దంపతులు. "ప్రయాణానికి ఏదైనా మందు ఇవ్వండి" అని అడుగుతారు. మందుకంటె ముందు వారు తెలుసుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

హైదరాబాదు నుండి అమెరికా చేరడానికి దోహా, దుబాయి, లండన్, ఫ్రాంక్‌ఫర్టు వంటి చోట్ల విమానం మారడం సాధారణం. ఇంటి గడప దాటింది మొదలు అక్కడి గడప తొక్కేవరకు ఇరవైనాలుగు గంటలు దాటడం కూడా సాధారణమే. వార్ధక్యం వాతకాలమని ఆయుర్వేదం చెబుతుంది. అతి ప్రయాణం, రాత్రి జాగరణ, చలి, పొడిగాలి, అకాల భోజనం, వేగధారణం – వాతాన్ని ప్రకోపింపజేసే ఈ కారణాలన్నీ ఒకేచోట కూడడం విమానయానంలోనే చూస్తాము. విమానంలోని గాలిలో తేమ ఇరవై శాతం కంటె తక్కువ. లోపలి వాయుపీడనం ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నట్లుంటుంది. నోరు ఎండడం, కడుపు ఉబ్బడం, కాళ్ళు బరువెక్కడం ఇందువలననే.

వీటిలో వేగధారణం గురించి కొంత విస్తరించి చెప్పాలి. ఆపకూడని పదమూడు వేగాలను చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం వివరిస్తుంది. వాటిలో మూత్రం, మలం, దప్పిక, నిద్ర ఉన్నవి. మన ఆడవారు ప్రయాణంలో చేసే పని సరిగా దీనికి విరుద్ధం. మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదో తెలియదని, దారి అడగడానికి భాష రాదని, చక్రాల కుర్చీ తోసే అబ్బాయితో చెప్పడానికి సిగ్గని ముందురోజు సాయంత్రం నుండే మంచినీరు మానేస్తారు. మధుమేహం ఉన్న ఒక తల్లి ఆ విధంగానే ప్రయాణం చేసి, అక్కడ దిగిన మూడవనాడే చలిజ్వరంతో, మూత్రంలో మంటతో ఆసుపత్రి పాలయింది. మనవడిని ఎత్తుకోవలసిన మొదటి వారం మంచంమీద గడిచింది. కాబట్టి నీరు మానవద్దు. గంటకొకమారు నాలుగైదు గుక్కలు త్రాగుతూ ఉండాలి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉండి నీటికి పరిమితి పెట్టినవారు మాత్రం తమ వైద్యుడు చెప్పిన కొలతకే కట్టుబడాలి. భద్రతా తనిఖీకి ముందు సీసా ఖాళీ చేసి, దాటిన తరువాత లోపల నింపుకోవచ్చు. విమానం మారేచోట మరల తనిఖీ ఉంటుంది కనుక అక్కడా అంతే.

ఇక చక్రాల కుర్చీ సంగతి. టిక్కెట్టు కొనేటప్పుడే పిల్లలు దీనిని నమోదు చేయించాలి. కనీసం నలభైయెనిమిది గంటల ముందు విమాన సంస్థకు తెలియజేయడం పద్ధతి. ఇందులో మూడు తరగతులున్నవని చాలామందికి తెలియదు. ఎక్కువ దూరం నడవలేరు గాని మెట్లెక్కగలరు అంటే 'డబ్ల్యు.సి.హెచ్.ఆర్.', మెట్లు ఎక్కలేరు గాని విమానంలో తమ సీటు వరకు నడవగలరు అంటే 'డబ్ల్యు.సి.హెచ్.ఎస్.', సీటు వరకు కూడా తీసుకొని వెళ్ళవలసినవారికి 'డబ్ల్యు.సి.హెచ్.సి.'. మోకాళ్ళు అరిగిపోయిన వారికి మొదటి అక్షరాలు వేయించితే, విమానం దూరంగా ఆగి బస్సు దిగి మెట్లెక్కవలసి వచ్చినప్పుడు నానా అవస్థ. మొహమాటానికి పోయి తక్కువ చెప్పుకోవడం ఇక్కడ పనికిరాదు.

దంపతులిద్దరికీ అవసరమైతే ఇద్దరికీ కుర్చీ వచ్చేవరకు కదలవద్దు. 2024 ఫిబ్రవరిలో న్యూయార్కు నుండి బొంబాయి చేరిన ఎనభై ఏండ్ల ప్రయాణికునికి జరిగింది పత్రికలలో చదివే ఉంటారు. దంపతులిద్దరికీ కుర్చీలు కోరగా ఒక్కటే వచ్చింది. భార్యను అందులో కూర్చోబెట్టి ఆయన వెంట నడిచారు. ఇమ్మిగ్రేషన్ వద్ద కుప్పకూలి మరణించారు. పౌరవిమానయాన సంచాలక కార్యాలయం ఆ సంస్థకు ముప్పై లక్షల జరిమానా విధించింది. జరిమానాతో ఆ ఇల్లాలికి ఒరిగిందేమిటి?

అయితే కుర్చీ దొరికిందని గంటల తరబడి అందులోనే ఉండిపోవడం కూడా హానికరమే. విమానం మారేచోట ఒక గదిలో వరుసగా కూర్చోబెట్టి వెళ్ళిపోతారు. ఐదారు గంటలు కదలిక లేదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలక కూర్చున్నవారికి కాలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. పాదాలను పైకీ క్రిందికీ ఇరవై మార్లు ఆడించడం, మడమలు ఎత్తి దించడం, గంటకొకమారు లేచి చేతికర్రతోనో, ఎవరినైనా పట్టుకొనో పది అడుగులు వేయడం తప్పనిసరి. కుర్చీ తోసే మనిషి వెళ్ళేముందే మరుగుదొడ్డికి తీసుకొని వెళ్ళమని, తిరిగి ఎప్పుడు వస్తాడో చెప్పమని అడగండి. బోర్డింగు పాసు, పాస్‌పోర్టు మీ దగ్గరనే ఉండాలి.

పిల్లలకు ఒక మాట. చక్రాల కుర్చీవారిని విమానం నుండి సాధారణంగా అందరికంటె చివర దించుతారు. గంటన్నర విరామం ఉన్న టిక్కెట్టు వారికి సరిపోదు. మూడు నుండి ఐదు గంటలు ఉచితమని నా అభిప్రాయం. ఎనిమిది దాటితే నడుము వాల్చే చోటుకు కూడా డబ్బు కట్టండి.

తైలం తీసుకొని వెళ్ళవచ్చునా అని అడుగుతారు. చేతిసంచిలో ద్రవపదార్థానికి నూరు మిల్లీలీటర్ల పరిమితి. ఇది సీసా పరిమాణానికి వర్తిస్తుంది; రెండువందల సీసాలో సగమే ఉన్నా పారవేయిస్తారు. లేహ్యం, నెయ్యి కూడా ఈ లెక్కలోనివే. అమెరికా వెళ్ళే విమానాలలో 2018 జూన్ చివరి నుండి చూర్ణాలకు కూడా 350 మిల్లీలీటర్ల హద్దు ఉన్నది. మించితే విడిగా పరీక్షిస్తారు, అనుమతించకపోవచ్చు. మసాలాపొడులు, చూర్ణాలు పెద్ద పెట్టెలో వేయండి. గసగసాలు మాత్రం ఏ పెట్టెలోనూ వద్దు. మనకు వంటింటి దినుసే గాని దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో అవి మాదకద్రవ్యాల క్రింద నిషిద్ధం. భంగి కలిసిన ఔషధాలూ అంతే. పాదరసం, సీసం చేరిన రసౌషధాలను, పేరు లేని పొట్లాలను నేను ప్రయాణికులకు ఇవ్వను.

బి.పి., షుగరు మందులు, ఇన్సులిన్ వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ క్రింది పెట్టెలో గడ్డకట్టి చెడిపోవచ్చు. కాలభేదానికి తగినట్లు మోతాదు ఎప్పుడు తీసుకోవాలో మీ వైద్యునితో ముందే వ్రాయించుకోండి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు తనిఖీకి ముందే కార్డు చూపాలి. లోహపరీక్ష పరికరాన్ని దానిమీద ఆపి ఉంచనీయవద్దు. మోకాలి చిప్ప మార్పించుకున్నవారికి ద్వారం మ్రోగడం సహజం. భయపడకుండా చేతితో తనిఖీ చేయమని కోరవచ్చు. స్త్రీలు మహిళా ఉద్యోగినిని, చాటుగది కావాలని అడగవచ్చు.

నేను సూచించే ఉపచారం చాలా స్వల్పం. బయలుదేరేనాటి ఉదయం నువ్వులనూనెతో అభ్యంగం, వేడినీటి స్నానం. చిన్న సీసాలో నువ్వులనూనె ఉంచుకొని, విరామ సమయంలో అరికాళ్ళకు, పిక్కలకు మృదువుగా రాసి, బాగా తుడిచి మేజోళ్ళు తొడుక్కోవాలి. తుడవకుండా ఆ నున్నని నేలమీద నడిస్తే జారిపడతారు. ముక్కు పొడిబారితే వేలికొనతో ఒక్క చుక్క లోపల అద్దుకోవచ్చు. ఆహారం లఘువుగా ఉండాలి. ఇడ్లీ, పేలాలు, వేడివేడిగా సాదా అన్నం, శొంఠి వేసి కాచిన నీరు మంచివి. పులిహోర మొదటి ఐదారు గంటలలోగా తినివేయాలి. గారెలు, పచ్చి సలాదులు, చల్లని పానీయాలు అపానవాయువును చెరుస్తాయి. మలబద్ధం వస్తుందేమోనని ముందురాత్రి త్రిఫల గట్టిగా పుచ్చుకొని బయలుదేరేవారున్నారు. ఆ సాహసం చేయకండి. అలవాటు లేని ఏ మందూ ప్రయాణంతో మొదలు పెట్టరాదు.

ఒక ముఖ్య హెచ్చరిక. రెండు కాళ్ళూ కొద్దిగా వాయడం సాధారణం. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే నూనె రాయకూడదు, పిసకకూడదు. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. దిగిన తరువాత కొన్ని వారాల వరకు ఈ జాగ్రత్త ఉండాలి.

ఇంగ్లీషు రానివారికి పిల్లలు ఒక అట్టముక్క వ్రాసి ఇవ్వవలెను. పేరు, ఎక్కవలసిన విమానం, తెలుగు మాత్రమే వచ్చునని, ఉన్న జబ్బులు, వాడే మందులు, కుమారుని ఫోను నంబరు ఒకవైపు. రెండవవైపు పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు: మరుగుదొడ్డికి తీసుకొని వెళ్ళండి, త్రాగడానికి నీరు కావాలి, వైద్యుని పిలవండి. ప్రతి వాక్యం క్రింద దాని అర్థం తెలుగులో ఉంటే ఏది చూపాలో వారికి తెలుస్తుంది. దానిని సంచి అడుగున పడవేయక మెడలో వేసుకోవడం మేలు.