కోరలున్న కథానాయిక

రక్తపిశాచాలు మన తరానికి కొత్తేమీ కాదు. చందమామలో బేతాళుడితో మొదలుపెట్టి, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న యండమూరి ‘తులసిదళం’ దాకా దుప్పటి ముసుగులో చదివినవాళ్లమే కదా! మనం పేజీ తిప్పడానికి భయపడ్డాం. ఇప్పటి పిల్లలేమో తామే పిశాచి ఒంట్లో దూరి, కంప్యూటర్‌లో ఊరంతా తిరుగుతున్నారు. ‘రక్తం తాగే ఆటేమిటండీ, చోద్యం కాకపోతే!’ అని ముక్కున వేలేసుకుంటున్నారా? నాలుగు సాయంత్రాలు స్వయంగా ఆడి చూశాను గనక చెబుతున్నాను, వినండి.

ఆట పేరు ‘వాంపైర్: ది మాస్కరేడ్ - బ్లడ్‌లైన్స్ 2’. సంక్రాంతి సెలవులకు సిద్దిపేట వచ్చిన మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ కుర్రాడు, తన ల్యాప్‌టాప్‌లో తెచ్చాడు. ‘చిన్నమ్మా, నువ్వు కథలు రాస్తవు కదా, ఇందులో కథెట్లుందో చెప్పు’ అన్నాడు. అలా అడిగితే ఏ రచయిత్రి కాదంటుంది?

దీని పుట్టుక కూడా కథలాగే ఉంది. 1991లో అమెరికాలో మార్క్ రైన్-హేగన్ అనే ఆయన రూపొందించిన ఆట దీనికి మూలం. అప్పుడు కంప్యూటర్ లేదు. నలుగురు చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, తలా ఒక పాత్రయి కథ అల్లుకోవడమే. 2004లో ట్రోయికా అనే చిన్న సంస్థ దాని ఆధారంగా బ్లడ్‌లైన్స్ మొదటి భాగం తెచ్చింది. నిండా లోపాలే, అమ్మకాలూ లేవు. మరుసటి ఏడాదే సంస్థ మూతపడింది. అయినా అభిమానులు వదిలిపెట్టలేదు. లోపాలు తామే సరిచేసుకుంటూ ఏళ్ల తరబడి దాన్ని బతికించారు. రెండో భాగం వస్తుందని 2019లో ప్రకటించారు. మధ్యలో తయారీదార్లు మారారు. చివరికి ఇంగ్లండ్‌కి చెందిన ‘ది చైనీస్ రూమ్’ పూర్తిచేస్తే 2025 అక్టోబరు 21న విడుదలైంది. మొన్నటి దీపావళి మర్నాడన్నమాట.

కథ జరిగేది సియాటిల్‌లో. మన పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని వెళ్లే ఊరే. క్రిస్మస్ రోజులు, వీధుల నిండా మంచు. వందల ఏళ్ల వయసున్న ఫైర్ అనే పిశాచి నూరేళ్ల నిద్ర నుంచి లేస్తుంది. ఆడో మగో మనమే ఎంచుకోవచ్చు, నేను ఆడపిశాచినే ఎంచుకున్నాను. లేచేసరికి చేతి మీద ఏదో గుర్తు, తలలో ఎవరిదో గొంతు! ఆ గొంతు ఫేబియన్ అనే డిటెక్టివ్‌ది. అతనూ పిశాచే. హత్యల గుట్టు విప్పే పనిలో ఉంటాడు. అతని జ్ఞాపకాల్లోకి వెళ్లినప్పుడు కొట్లాటలుండవు, అంతా మాటలే. ఎదుటివాళ్ల ప్రశ్నకు ఏం బదులివ్వాలో మూడు నాలుగు జవాబులిస్తారు, మనం ఒకటి ఎంచుకోవాలి. నాకు మహా ఇష్టమైనవి ఆ ఘట్టాలే. కొట్లాటల్లో మాత్రం నా వేళ్లు తడబడ్డాయి. ఇక ఇది అక్కడ ఇచ్చిరా, వాణ్ని చంపిరా అంటూ పురమాయించే చిల్లర పనులున్నాయే, అవి శుద్ధ విసుగు. సీరియల్‌ని సాగదీసినట్టే.

ఆటలో అసలు సూత్రం రక్తం కాదండీ, దాపరికం. ‘మాస్కరేడ్’ అంటే అదే. పిశాచాలు జనం మధ్యనే బతకాలి, కానీ తామెవరో తెలియనివ్వకూడదు. నలుగురి ముందూ కోర చూపినా, గోడలెక్కి దూకినా పోలీసులు వెంటపడతారు. మరీ మితిమీరితే సొంత జాతివాళ్లే ప్రాణం తీస్తారు. అందుకే ఆకలేసినప్పుడు కూడా ఎవరి కంటా పడకుండా సందులోకి వెళ్లాలి. నలుగురిలో ఆకలి అణుచుకుని నవ్వుతూ మసలడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కాబోలు, అందులో మాత్రం మావాడికన్నా నాకే ఎక్కువ నేర్పుంది!

మా అత్తమ్మ వెనకొచ్చి నిలబడి చూసింది. ‘ఎవలే గా పిల్ల? నోట్లె గా పండ్లేంది?’ అంది. రక్తం తాగే మనిషని చెప్పాను. ఆమె నవ్వలేదు. ‘గిట్లనే అని మా దిక్కు ఒకామెకు పండ్లు ఊడగొట్టిన్రు’ అని లోపలికెళ్లిపోయింది.

మావాడికి అర్థం కాలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. సిద్దిపేట 2016లో జిల్లా అయింది గానీ, అంతకుముందు మెదక్‌లో భాగం. ఆ మెదక్ పల్లెల్లో బాణామతి అనే మాట ఎన్ని ఇళ్లను కూల్చిందో! ఎవరికైనా అంతుపట్టని జబ్బు చేస్తే చాలు, చేతబడి చేశారని ఒకరి మీద అనుమానం. మంత్రం సరిగ్గా పలకలేకుండా చేయాలని వాళ్ల పళ్లు ఊడగొట్టేవారు. కొట్టి చంపిన, తగలబెట్టిన సంఘటనలూ ఉన్నాయి. భర్త పోయిన ఆడవాళ్లు, పేదవాళ్లు ఈ అనుమానానికి తేలిగ్గా దొరికిపోయేవారు. ఆటలో పిశాచికి దాచుకోవడానికి నిజంగానే కోరలున్నాయి. వీళ్ల దగ్గర దాచుకోవడానికి ఏముందని? ‘మరి వాళ్లెట్ల తప్పించుకునేటోళ్లు చిన్నమ్మా?’ అని అడిగాడు వాడు. రాత్రికి రాత్రి ఊరొదిలి వెళ్లినవాళ్లున్నారని చెప్పాను. వాడు చాలాసేపు ఆట ముట్టుకోలేదు.

తల్లులకు రెండు సంగతులు చెప్పాలి. ఇది పెద్దలకు ఉద్దేశించిన ఆట. రక్తపాతం, బూతులు దండిగా ఉన్నాయి. అమెరికాలో 17, ఐరోపాలో 18 ఏళ్లు దాటినవాళ్లకని ముద్రవేశారు. అందుకే తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయిని ఆ గదిలోకి రానివ్వలేదు. మూతి ముడుచుకున్నాడు, ముడుచుకోనీ. రెండోది, 2025లో కేంద్రం చట్టం తెచ్చి నిషేధించిన డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలకూ దీనికీ సంబంధం లేదు. ఇది ఒక్కరే కూర్చుని ఆడుకునే కథ. ఆట అనగానే ఇల్లు గుల్లవుతుందని హడలిపోనక్కర్లేదు.

తెలుగులో లేదు, అదొక్కటే కొరత. ఇంగ్లిష్ మాటలు తెర కింద పడుతుంటే చదువుకుంటూ నెట్టుకొచ్చాను. సెలవులైపోయి మావాడు ల్యాప్‌టాప్‌తో సహా వెళ్లిపోయాడు, నా ఆట సగంలోనే ఆగింది. ఉగాదికి వస్తానన్నాడు. హంతకుడెవరో ఫోన్లో మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.