ముల్లును ముల్లుతో: చెరకు తోట నుంచి జన్యు సవరణ దాకా

పురుగు అనగానే మన రైతుకు ముందు గుర్తుకు వచ్చేది మందు డబ్బా. అందులో ఆశ్చర్యం లేదు. కె.కోటపాడు, చోడవరం ప్రాంతాల్లో చెరకు వేసిన ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి, పీక పురుగు సంగతి పిల్లలు కూడా చెబుతారు. మొక్క మోకాలెత్తు రాకముందే మొవ్వు ఎండిపోతుంది. ఆ ఎండిన మొవ్వును పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది, అడుగున కుళ్ళు వాసన! పిలక పోయిందంటే గడ పోయినట్టే. గడ పోతే బెల్లం ఎక్కడిది? అనకాపల్లి మార్కెట్‌కు బండెడు దిమ్మలు తోలదామనుకున్నవాడు అరబండితో సరిపెట్టుకోవాలి.

ఈ పురుగుకు విరుగుడుగా శాస్త్రజ్ఞులు చూపించినది మరో పురుగు. దాని పేరు ట్రైకోగ్రామా. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఊరి పెద్దాయన ఒకరు, “ఏటి బాబూ, ఉన్న పురుగు చాలదని కొత్త పురుగును కొని తెమ్మంటావా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే! దానికి జవాబు ఆ కీటకం బతుకు తీరులో ఉంది.

ట్రైకోగ్రామా కందిరీగల జాతిది. కానీ ఒంటి పొడవు మిల్లీమీటరులో సగం. మనిషిని కుట్టదు, ఆకును కొరకదు. పీక పురుగు తల్లి చెరకాకు అడుగున పొలుసుల్లాగా వరుసగా గుడ్లు పెట్టి పోతుంది. ట్రైకోగ్రామా తల్లి వాటిని వెతుక్కుంటూ వచ్చి, ఆ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి సొన తాగి పెరుగుతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు నల్లబడుతుంది. ఎనిమిది పది రోజులకల్లా పీక పురుగు పిల్ల రావలసిన గుడ్డులోంచి కందిరీగ బయటికి వస్తుంది. అనగా పురుగు పుట్టకముందే పని పూర్తి. ఒక్కసారి పీక పురుగు పిల్ల కాండంలో దూరిందా, ఇక ఈ కందిరీగ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే సమయం తప్పకూడదు. ముచ్చెలు నాటిన నెల దాటగానే మొదలుపెట్టి, విడతలు విడతలుగా వదలాలి.

వీటిని ప్రయోగశాలలో పెంచే పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. నూకల్లో గూళ్ళు కట్టే కోర్సైరా అనే రెక్కల పురుగు గుడ్లను సేకరించి, వాటిలోని జీవం పోయేలా అతినీలలోహిత కిరణాలు సోకించి, అట్టముక్క మీద అంటిస్తారు. ట్రైకోగ్రామాలు వాటిలో గుడ్లు పెడతాయి. ఒక్క కార్డు మీద సుమారు ఇరవై వేల గుడ్లు! 1913లో మొదలైన అనకాపల్లి పరిశోధనా స్థానం ఉన్న జిల్లా మనది. (కె.కోటపాడు 2022 ఏప్రిల్‌లో విశాఖ నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరింది లెండి.) చెరకు శాస్త్రానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు.

ఇక రెండో దారి. పురుగునో తెగులునో బయట ఎదుర్కోకుండా మొక్కనే మార్చడం. మన సాంబ మసూరి సంగతి తీసుకోండి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ సన్నరకానికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శాపం. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరణం ద్వారా అందులోకి చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. దానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా క్రిస్పర్ అనే కత్తెర వచ్చింది. దాన్ని కనిపెట్టిన షార్పెంటియే, డౌడ్నాలకు 2020లో నోబెల్ బహుమతి దక్కింది. ఎండు తెగులు బాక్టీరియా వరి మొక్క చక్కెర కుళాయిని తానే తిప్పుకుని తాగుతుందని తేలింది. 2019లో కొందరు విదేశీ శాస్త్రజ్ఞులు ఆ కుళాయి పిడిని క్రిస్పర్‌తో కొద్దిగా సవరించారు. బాక్టీరియాకు పిడి చిక్కలేదు, మొక్కకు తెగులు సోకలేదు. 2025 మే 4న ప్రకటించిన ‘కమల’ రకం కూడా సాంబ మసూరిని సవరించి హైదరాబాద్‌లో తయారుచేసినదే. కాకపోతే అది తెగులు కోసం కాదు, గింజల సంఖ్య కోసం. దాని దిగుబడి లెక్కల మీద అదే ఏడాది విమర్శలు వచ్చాయి, వ్యవసాయ పరిశోధనా మండలి వాటిని తోసిపుచ్చింది.

ఈ రెండు దారులనూ కలిపితే? 2016లో అమెరికా రక్షణ శాఖకు చెందిన దార్పా సంస్థ సరిగ్గా అదే తలపెట్టింది. ‘ఇన్‌సెక్ట్ ఎలైస్’, అంటే మిత్ర కీటకాలు. పచ్చ దీపపు పురుగు వరిలో టుంగ్రో వైరస్‌ను ఎలా మోసుకొస్తుందో మనకు తెలుసు. అదే పద్ధతిలో పేనుబంక, తెల్లదోమ వంటి కీటకాల చేత మంచి చేసే వైరస్‌ను మోయించి, చేలో నిలబడి ఉన్న పంటలోనే జన్యువులను మార్చాలని ఆలోచన. కరువో తెగులో మీద పడితే, విత్తనం మార్చే దాకా ఆగకుండా అదే పైరును కాపాడుకోవచ్చునట!

2018లో ‘సైన్స్’ పత్రికలో ఐరోపా శాస్త్రజ్ఞులు దీన్ని గట్టిగా ప్రశ్నించారు. మందు చల్లడానికి యంత్రాలుండగా పురుగులెందుకు? పంటను కాపాడే వైరస్‌ను మోసే పురుగు పంటను నాశనం చేసే వైరస్‌నూ మోయగలదు గదా? ఇది 1972 నాటి జీవాయుధ నిషేధ ఒప్పందానికి విరుద్ధమనిపించదా? ప్రయోగాలన్నీ మూసిన గ్రీన్‌హౌసుల్లోనేనని, కీటకాలను అదుపు చేసే ఏర్పాట్లున్నాయని దార్పా జవాబిచ్చింది.

నా మట్టుకు నాకు ఆ ప్రశ్నలే బలమైనవిగా తోస్తాయి. ట్రైకోగ్రామా కూడా గట్టు దాటి పోతుంది, నిజమే. కానీ అది పొరుగువాడి చెరకును మార్చదు, పురుగు గుడ్డును తిని ఊరుకుంటుంది. జన్యువును మోసే కీటకం గట్టు దాటితే, అడగని రైతు పంట కూడా మారిపోతుంది. ఆ విత్తనం ఎవరిదని రేపు తగవు వస్తే పంచాయితీ ఎవరు చెప్పాలి?

పైగా చెరకు విషయంలో కత్తెర అంత సులువుగా తెగదు. వరికి ఇరవై నాలుగే క్రోమోజోములు. చెరకుకు వంద పైమాటే. ఒక్కో జన్యువుకు దాదాపు పది ప్రతులుంటాయి, అన్నిటినీ సవరించాలంటే మాటలు కాదు. కాబట్టి ప్రస్తుతానికి మన తోటల్లో ఆ అర మిల్లీమీటరు కందిరీగకే పని ఎక్కువ. దానికి కావలసినవీ పెద్దవేం కావు. కార్డును ముక్కలు చేసి, చల్లటి పూట ఆకుల అడుగున, చీమలు పట్టకుండా గుచ్చాలి. నాటిన వెంటనే చెరకాకు చెత్త కప్పితే పీక పురుగు మరింత తగ్గుతుంది. కార్డు పెట్టిన వారం దాకా మందు కొట్టకూడదు, మీరొక్కరే కాదు, గట్టు అవతలివాళ్ళూ కొట్టకూడదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కార్డు కొనే ముందు పక్క చేను మావయ్యతో ఒకసారి మాట్లాడుకోవాలి.