గొంతులో కాపలా మంచె



పోయిన నెల మన హాస్టల్లో చాలామందికి గొంతు నొప్పి వచ్చింది గదా, అందులో నేనూ ఉన్నాను. దవడ కింద బిళ్లలు కట్టాయి. నర్సమ్మ టార్చిలైటు వేసి చూసి, టాన్సిల్స్ వాచి చీము పట్టాయంది. పది రోజులకు మాత్రలిచ్చింది. మూడో రోజుకే తగ్గిపోతే మిగిలినవి ట్రంకు పెట్టెలో పడేశాను. నర్సమ్మకి తెలిసి బాగా కేకలేసింది. తగ్గాక మందెందుకని సైన్సు మేడమ్‌ని అడిగాను. ఆమె చెప్పింది, లైబ్రరీలో చదివింది కలిపి రాస్తున్నాను.

అద్దంలో నోరు బాగా తెరిచి చూడండి. కొండనాలుకకి అటొకటి ఇటొకటి ఉండలు కనబడతాయి. అవే టాన్సిల్స్. చేనుకి పందులు వస్తే ముందు మంచె మీదున్న వాళ్లకే కనబడతాయి గదా, టాన్సిల్స్ కూడా అలాంటి మంచెలే. వాటి మీద చిన్న చిన్న గుంటలుంటాయి. గాలితో, అన్నంతో వచ్చే సూక్ష్మజీవులు అందులో చిక్కుకుంటాయి. అక్కడ తెల్ల రక్తకణాలు కాచుకొని ఉంటాయి.

కొన్ని కణాలు సూక్ష్మజీవిని అమాంతం మింగేస్తాయి. 1882లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో సముద్ర నక్షత్రం పిల్లకి ముల్లు గుచ్చి ఉంచాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఈ పనికే 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కాలికి ముల్లు దిగితే చీము పట్టేది కూడా ఇందుకే. చీమంటే చాలావరకు పోరాడి చచ్చిన తెల్లకణాలేనంట. నేను మురికి అనుకునేదాన్ని!

ఇంకొన్ని కణాలు మింగవు. సూక్ష్మజీవి ఆనవాలు పట్టి, దానికి అతుక్కునే ప్రతిరక్షకాలు తయారు చేస్తాయి. దీనికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు కణాలు బాగా పెరుగుతాయి, అందుకే బిళ్లలు కడతాయి.

జలుబు, దగ్గుతో వచ్చే గొంతు నొప్పి చాలావరకు వైరస్ వల్లే. దానికి ఈ మాత్రలు పనిచేయవు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వేరు. పూసల దండలా ఉంటుంది. దాని పైన ఎం ప్రొటీను ఉండటం వల్ల మింగే కణాలకు తొందరగా దొరకదు. ఆ ప్రొటీనులో 200కు పైగా రకాలున్నాయి. ఒకదాన్ని గుర్తుపెట్టుకున్నా, ఇంకోటి వస్తే కథ మళ్లీ మొదటికే.

అసలు భయం ఇక్కడుంది. ఆ ప్రొటీనులో కొంత భాగం మన గుండెలోని ప్రొటీనులా ఉంటుంది. కొందరికి గొంతు తగ్గిన రెండు మూడు వారాలకు, మన కాపలా కణాలే పొరబడి గుండె కవాటాల మీద పడతాయి. చీకట్లో పందనుకొని మన దూడనే కొట్టినట్టు. జ్వరం వస్తుంది, కీళ్లు ఒకటి తగ్గితే ఇంకోటి వాస్తాయి. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకే ఎక్కువ, అంటే మనకే. మూడు రోజులకి నొప్పి పోయినా గొంతులో బాక్టీరియా మిగిలి ఉంటుంది. అది పూర్తిగా పోవడానికే పది రోజులు.

మా ఊళ్లో వరసకి అక్క ఒకామె ఉంది. చిన్నప్పుడు కీళ్లు వాస్తే గాలి సోకిందని కోడిని కోశారు. ఇప్పుడు బిందెడు నీళ్లు తెస్తే ఆయాసపడుతుంది. గుండె కవాటం పాడయిందని 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేస్తారు. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అడిగాను, "అక్కా, కీళ్లు వాయకముందు గొంతేమైనా నొప్పి చేసిందా?" అని. చాలాసేపు ఆలోచించి, "ఆ ఏడు పండక్కి అందరూ పాడారే, నేను గొంతు నొప్పని పాడలేదు" అంది.

— 9వ తరగతి విద్యార్థిని