ఎనిమిది యాకుల గ్రంథము

పెరటికోళ్లు ఒకటి రెండు తల వ్రేలవేసి చచ్చినచో, “కొక్కెర తెగులు తగిలినది” యని పాతిపెట్టి యూరకుండుట మన పల్లెలయందు వాడుక. కాని కొక్కెర తెగులు వేఱు, బర్డ్ ఫ్లూ అనబడు పక్షిజ్వరము వేఱు. పైకి రెండింటి లక్షణములును ఇంచుమించు ఒక్కరీతినే యుండును. పరీక్షాగృహమున శోధించిననేగాని నిజము తేలదు. ఆ శోధనలో భాగమైన జన్యుపఠనము మన యిండ్లను, మన బిడ్డలను ఎట్లు కాచుచున్నదో సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

నేడు లోకమున సంచరించుచున్న హెచ్5ఎన్1 వైరస్ వంశమునకు మూలము 1996లో చైనాదేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున నొక పెద్దబాతునందు కనబడెను. మఱుసటి యేడు హాంగ్‌కాంగ్ నగరమున నీ జాతి వైరస్ 18 మందికి సోకి ఆఱుగురిని బలిగొనెను. పక్షుల రోగము మనుష్యుని నేరుగా చంపగలదని నాడు వైద్యలోకము గ్రహించెను.

ఈ వైరస్ యొక్క జన్యుసారము ఎనిమిది తునుకలుగా నుండును. మనకు పరిచితమైన యుపమానమున చెప్పవలెనన్న, ఇది ఎనిమిది యాకుల తాటాకు గ్రంథము. అందలి యక్షరములు సుమారు 13,500. వైరస్ తన ప్రతిని తాను వ్రాసికొనునపుడు అజాగ్రత్తయైన వ్రాయసకానివలె తప్పులు చేయును, దిద్దుకొనుట యెఱుగదు. పండితులు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, పాఠభేదములనుబట్టి ఏ ప్రతి దేనికి పుత్రికయో నిర్ణయించునట్లే, శాస్త్రజ్ఞులు రెండు దేశముల వైరస్‌లను పోల్చి రోగము ఏ త్రోవను వచ్చినదో చెప్పగలరు. ఇంకొక చిత్రము గలదు. రెండు వేఱు జాతుల ఫ్లూ వైరస్‌లు ఒక్క ప్రాణియందే చేరినచో, ఒక గ్రంథపుటాకులు మఱొకదానిలో కలసి క్రొత్త గ్రంథ మేర్పడవచ్చును.

అన్ని తప్పులును ప్రమాదకరములు కావు. పెక్కులు నిరర్థకములు. కొన్ని మాత్రము వైరస్‌కు క్షీరదముల శరీరమున కాపురము నేర్పును. పీబీ2 అను నొక తునుక చేయించు ప్రోటీనున 627వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లము పోయి లైసిన్ చేరినచో, పక్షికణములకు అలవడిన వైరస్ క్షీరదకణములలోను చుఱుకుగా వృద్ధిపొందగలదు. మఱియు పక్షిదేహపు కణద్వారములకును, మన ముక్కుగొంతుల కణద్వారములకును గడియలు వేఱు. పక్షిగడియకు మరగిన వైరస్ మన గడియ తీయ నేర్చినదా యనుట పరీక్షకులు నిత్యము కనిపెట్టుచుండు రెండవ విషయము.

ఈ జాగరూకత యేల యన్నచో ఇటీవలి సంగతులే సమాధానము. 2022లో స్పెయిన్ దేశమున మింక్ అను బొచ్చుజంతువుల పెంపకశాలలో నీ రోగము ప్రవేశింపగా ఏబదివేలకు పైగా జంతువులను చంపవలసివచ్చెను. 2023లో అర్జెంటీనా తీరమున ఏనుగుసీలు పిల్లలు వేలకొలది మృతినొందెను. 2024 మార్చిలో అమెరికాలో పాడియావులయందు వైరస్ బయటపడెను. అచ్చట కాచని పాలు త్రాగిన పిల్లులు చచ్చెను. జన్యువులను పోల్చి చూడగా, 2023 చివర పక్షినుండి ఆవునకు వచ్చిన వైరస్ కొన్ని మాసములు ఎవరికిని తెలియకయే ఆవునుండి ఆవునకు ప్రాకినదని తేలెను. ఆలస్యమెంత చేటో యిందువలన విదితము. మన దేశమునను 2024 డిసెంబరు చివర నాగపురమునొద్ద గోరేవాడ వన్యమృగ రక్షణకేంద్రమున మూడు పులులు, ఒక చిఱుతపులి యీ రోగముననే మరణించెను.

చదివిన చదువు పెట్టెలో దాచిన నెవరికి లాభము? 2006లో నైజీరియాదేశపు కోళ్లలోని వైరస్‌ను ఇటలీ దేశపు పశువైద్య శాస్త్రజ్ఞురాలు ఇలారియా కాపువా పరిశోధనశాల పఠించెను. ఆ పాఠమును కొలదిమందికి మాత్రమే ప్రవేశముగల భాండారమున నుంచుట కామె యొడంబడక, అందఱు చూడదగిన చోట నుంచి, తక్కినవారినిగూడ నట్లే చేయుడని కోరెను. పిమ్మట 2008లో గిసైడ్ అను నంతర్జాతీయ భాండార మారంభమయ్యెను. ఇట్టి పాఠములను చూచియే ప్రపంచ ఆరోగ్యసంస్థ, అవసరమగునేని టీకాకు ఏ వైరస్ తగునో యేట రెండుమాఱులు సమీక్షించుచున్నది. ఒక స్త్రీ దృఢచిత్తము లోకమున కెంత మేలు చేకూర్చెనో చూడుడు.

2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలయందు కోళ్లు విస్తారముగా చావగా, భోపాలులోని పరిశోధనశాల యది బర్డ్ ఫ్లూ యని నిర్ధారించెను. మార్చిలో ఆంధ్రదేశముననే యొక పసిబిడ్డ హెచ్5ఎన్1 సోకి అసువులు బాసెను. మనుష్యునినుండి మనుష్యునకు ఎడతెగక ప్రాకు శక్తి యీ వైరస్‌కు ఇంతవఱకు కలుగలేదు. కావున అధైర్యమునకు కారణము లేదు, అలక్ష్యమునకును లేదు.

గృహిణుల విధులు కష్టసాధ్యములు కావు. పాలు పొంగ గాచుట మన పూర్వాచారమే. మాంసమును గ్రుడ్లను లోపలివఱకు ఉడికింపవలెను. 70 డిగ్రీల వేడికి వైరస్ నశించును. పచ్చిమాంసము కోసిన కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుగక వేఱుపని ముట్టరాదు. పచ్చితునుకలను బిడ్డలచేతి కందనీయరాదు, పిల్లులకు వేయరాదు. చచ్చిన పక్షిని వట్టిచేత తాకక, కాలువలో పాఱవేయక, పశువైద్యశాలకు కబురంపవలెను. ప్రభుత్వమువారు చంపించిన కోళ్లకు పరిహార మిచ్చు నేర్పాటు కలదు గాన, నష్టభయముచే సంగతి దాచుట తగదు.

పరీక్షాగృహమున నెంత విద్వాంసులున్నను, చచ్చిన కోడి యచ్చటికి చేరకున్న వారు చదువుట కేమున్నది? ఆ గ్రంథపు మొదటియాకు మన పెరటిలోనే తెఱువబడుచున్నది. దానిని ముందుగా చూచునది యింటి యిల్లాలు.