నైనా, టెన్నా? గిటార్‌ స్ట్రింగ్స్‌ కొనేముందు..

ప్లేస్‌మెంట్‌ ప్రిపరేషన్‌ మధ్యలో రాత్రిపూట ఓ అరగంట ఎలక్ట్రిక్‌ గిటార్‌ పట్టుకోవడం మీకు అలవాటు. రెజ్యూమెలో హాబీస్‌ దగ్గరా అదే రాసుకున్నారు. నిన్న సన్న తీగ పుటుక్కున తెగింది. నాంపల్లిలో మెట్రో దిగి, అబిడ్స్‌ దాకా వెళ్లి ఓ మ్యూజిక్‌ షాపులో నిలబడ్డారనుకోండి. (ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు అక్కడ మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలదే రాజ్యం.) కౌంటర్‌ వెనకాయన మొదట అడిగేది ఒకటే.. ‘‘నైనా, టెన్నా భయ్యా?’’

‘‘ఏదో ఒకటి ఇవ్వన్నా’’ అనేశారో, తర్వాత మీ వేళ్లు దాని ఫలితం అనుభవిస్తాయి. వేళ్లు నొప్పెట్టగానే ‘మనకి మ్యూజిక్‌ అచ్చిరాదులే’ అనుకుని గిటార్‌ని అటకెక్కించినవాళ్లు మీ హాస్టల్లోనూ ఉండే ఉంటారు. వాళ్లలో కొందరికి అడ్డుపడింది తీగ మందమే.

ఆ నంబరు చెప్పేది మందాన్నే. దాన్నే గేజ్‌ అంటారు. అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్క. నైన్‌ అంటే 0.009 అంగుళం, మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నదాని కొలతే సెట్‌కి పేరు. 9-42 అంటే సన్నది 9, లావుది 42. రెండో రకం 10-46. ఎలక్ట్రిక్‌ గిటార్లకు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఈ రెండే. పక్కనే 11, 12 నంబర్లతో అకూస్టిక్‌ ప్యాకెట్లూ ఉంటాయి, చూసుకోండి. వాటి మీద చుట్టిన కంచు తీగను పికప్‌ సరిగ్గా పట్టుకోదు.

ఒక్క అంకె తేడాకి ఇంత గొడవా అంటారా? ఇంటర్‌ ఫిజిక్స్‌లో సోనామీటర్‌ గుర్తు చేసుకోండి. తీగ పొడవు, శ్రుతి మారకూడదంటే బరువు పెరిగినంతా తన్యత కూడా పెరగాలి. బరువేమో మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 9 నుంచి 10కి వెళ్తే మందం 11 శాతమే పెరిగినా బిగువు 23 శాతం పెరుగుతుంది. స్ట్రాటోకాస్టర్‌ తరహా గిటార్‌ మీద మొదటి తీగ నైన్‌ అయితే సుమారు 6 కిలోల బలంతో లాగుతుంది, టెన్‌ అయితే 7.3 కిలోలతో. బెండ్‌ చేసేటప్పుడు ఆ తేడా వేలికి బాగానే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో గిటార్‌ వాయించే పెద్దమనిషి ఎదురై ‘ఏ గేజ్‌ వాడతావ్‌, ఎందుకు?’ అన్నాడనుకోండి, చెప్పాల్సింది ఇదే. హాబీ నిజమో, ఖాళీ నింపడానికి రాసిందో అక్కడ తేలిపోతుంది.

ఫ్రెండ్‌ వాడే నంబరు మీకు సరిపోకపోవచ్చు. స్ట్రాట్‌లో నట్‌ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్‌పాల్‌లో 24.75. అదే టెన్స్‌ సెట్‌ లెస్‌పాల్‌ మీద దాదాపు 6 శాతం వదులుగా ఉంటుంది. అరస్వరం కిందకి ట్యూన్‌ చేస్తే ఇంకో 11 శాతం బిగువు తగ్గుతుంది. కొత్తగా నేర్చుకుంటూ, స్ట్రాట్‌ తరహా గిటార్‌తో, లీడ్‌ వాయించాలనుంటే నైన్‌ తీసుకోండి. గట్టిగా రిథమ్‌ కొట్టేవాళ్లకి, శ్రుతి తగ్గించి వాయించేవాళ్లకి టెన్‌ నయం.

‘లావు తీగలు వేస్తేనే అసలు సౌండ్‌’ అని సీనియర్లు రెచ్చగొడతారు. స్టీవీ రే వాన్‌ 13లు వాడిన మాట నిజమే, కానీ ఆయనా అరస్వరం దించే వాయించేవాడు. టోనీ ఐయోమీ సంగతి చూడండి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే 17 ఏళ్ల కుర్రాడు. ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున మెషీన్‌లో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్‌ కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. మామూలు తీగలు నొక్కలేక సన్నటి బాంజో తీగలు బిగించుకున్నాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు. హెవీ మెటల్‌కి ఆద్యులని చెప్పుకునే బ్లాక్‌ సబ్బాత్‌ సౌండ్‌ ఆ సన్న తీగల మీదే పుట్టింది.

గేజ్‌ మార్చాక ఒక పని మిగిలి ఉంటుంది. బిగువు పెరిగితే మెడ ముందుకి వంగుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి, ట్రెమొలో ఉన్న గిటార్‌లో బ్రిడ్జి కూడా లేవొచ్చు. ట్రస్‌ రాడ్‌ని ఒకేసారి పావు చుట్టుకి మించి తిప్పకండి. చేతకాకపోతే షాపులోనే సెటప్‌ చేయించుకోండి, చేస్తున్నప్పుడు పక్కనే నిలబడి చూడండి. 12వ ఫ్రెట్‌ దగ్గర హార్మోనిక్‌, నొక్కి వాయించిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకేలా చూపించాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీది శాడిల్‌ని వెనక్కి జరపాలి.

డబ్బు సంగతంటారా, ఎక్కువగా తెగేది సన్న తీగే కాబట్టి విడిగా ఒకటి అదనంగా అడగండి. తెగిన తీగ ఉన్న పాత ప్యాకెట్‌ పారేయకుండా జేబులో పెట్టుకుని వెళ్లండి. అదీ లేకపోతే కౌంటర్‌ దగ్గర ఇంతే చెప్పండి: ‘‘స్ట్రాట్‌ టైప్‌ అన్నా, స్టాండర్డ్‌ ట్యూనింగ్‌, నైన్‌ ఇవ్వు.’’