శిలలు చెప్పిన చరిత్ర

ప్రాచీన కట్టడాలను శిథిలాలుగా గాక చరిత్రకు సాక్ష్యాలుగా చూసే దృష్టి ఆధునిక కాలంలో బలపడింది. ఇంగ్లండులో 18, 19 శతాబ్దాల పురావస్తు అభిమానులు మధ్యయుగపు గోతిక్ కట్టడాలపై ఆసక్తిని పునరుద్ధరించారు. ఉత్తరాంధ్రలో అటువంటి కృషికి శ్రీముఖలింగం వేదికయింది.

శ్రీకాకుళం జిల్లాలో వంశధారా తీరాన ఉన్న ఈ గ్రామంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు ఉన్నాయి. వంపు తిరిగి పైకి సాగే శిఖరం ఇక్కడి కళింగ శైలి ప్రత్యేకత. అదే శైలి తరువాతి కాలంలో పూరీ, కోణార్క ఆలయాలలో మహోన్నత రూపం దాల్చింది. ఆ రెండింటినీ నిర్మించిన తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరం. రాజధాని కటకానికి తరలిన తరువాత ఆ నగరం ఉనికి మరుగునపడింది. సముద్రతీరంలోని కళింగపట్నమే కళింగనగరమని ఫ్లీట్ పండితుడు భావించారు.

సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో చరిత్ర బోధించేవారు. ప్రాచీన లిపులను స్వయంకృషితో అభ్యసించి, ముఖలింగ శాసనాలను పఠించారు. శాసనాధారాలతో ముఖలింగమే నాటి కళింగనగరమని ప్రతిపాదించారు. తరువాతి చరిత్రకారులు పలువురు దీనిని అంగీకరించారు. పేరులోని పోలిక కంటె శిలాక్షరమే బలమైన ప్రమాణమని తేలింది.

వాడుకభాషకు పట్టం కట్టిన గిడుగువారు ప్రజల నోటి మాటను ఎంత శ్రద్ధగా విన్నారో, రాతిపై మాటను అంత శ్రద్ధగా చదివారు. ఆలయ గోడపై సున్నం పూసినా, మేకు దిగగొట్టినా చెరిగిపోయేది ఒక అక్షరం మాత్రమే కాదు. ఒక నగరపు చిరునామా.